ఆంగ్లక్రియలును మన యపహాస్యమును

గత వేసవిలో మా బంధువులయింట గృహప్రవేశము జరిగెను. యజమానుని మేనల్లుఁడు, అమెరికాలోఁ బెరిగిన బాలుఁడు, వచ్చియుండెను. నిన్న గుడికి వెళ్లితివా అత్తా, యని వాఁడు ఇంగ్లీషులో నడుగఁగా, ఆ యిల్లాలు తడుముకొనక "ఐ డిడ్ నాట్ వెంట్" అనెను. బాలుఁడు తలయూఁచి మఱియొక మాటకుఁ బోయెను, వానికర్థమైనది. యజమానుఁడు మాత్రము పకపక నవ్వి, ఆ వాక్యమును పంక్తిలోని వారందఱకు వినఁబడునట్లు రెండుమాఱులు పలికెను. ఆయన పెద్దచదువులు చదివినవాఁడు. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడువాఁడు. ఆమె వంటయింటికిఁ బోయెను. ఆ సాయంకాలము బాలునితోఁ దెనుఁగునఁ గూడ మాటలాడలేదు. మేమును ఆ నవ్వులోఁ బాలుపంచుకొంటిమి. బడిపంతులమగుటచే మా నవ్వునకొక యధికారము గూడఁ గలదని తలఁచితిమి గాఁబోలు. ఆ నవ్వునకు వ్యతిరేకముగనే నేఁడిది వ్రాయుచున్నాము.

"డిడ్ నాట్ వెంట్" తప్పే. ఒప్పని మేమనుట లేదు. అయితే అది యెట్టి తప్పో నవ్వినవారిలో నొక్కరైన నాలోచించిరా? 'డిడ్' అను సహాయక్రియ భూతకాలమును మోయుచున్నది. కావునఁ బ్రధానక్రియ దానిని మరల మోయనక్కఱలేదు. 'గో' అని మూలరూపముననే యుండవలెను. ఆమె కాలమును రెండుచోట్లఁ జెప్పినది. చెప్పవలసినదానిని విడువలేదు, ఒకమాఱు హెచ్చుగాఁ జెప్పినది. ఇది మూఢత మెట్లగును? అతిజాగ్రత్త.

ఇఁక వింత యేమనఁగా, ఈ సూత్ర మామెకు బాల్యమునుండియుఁ దెలియును. తెనుఁగున "నేను వెళ్లితిని, నీవు వెళ్లితివి, వారు వెళ్లిరి" అని క్రియ పురుషమును బట్టి మాఱుచుండును. అదే వ్యతిరేకము చేసి చూడుఁడు: "నేను వెళ్లలేదు, నీవు వెళ్లలేదు, వారు వెళ్లలేదు." ఇందు 'వెళ్ల' యనుదానికిఁ గాలమును లేదు, పురుషమును లేదు. 'లేదు' అను నొక్కమాటయే భారమంతయు మోయుచున్నది. ఇంగ్లీషున 'డిడ్ నాట్' చేయు పని యిదియే. "వెళ్లితిని లేదు" అని తెనుఁగుబిడ్డ యెవ్వఁడైన ననునా? "డిడ్ నాట్ వెంట్" సరిగా నట్టిదే. ఈ రెండు వాక్యములను నల్లబల్లపైఁ బ్రక్కప్రక్కన వ్రాసి చూపినచోఁ బదినిమిషములలోఁ దీరవలసిన చిక్కు, ఏండ్లకొలఁది పరిహాసముచేతఁ దీరక నిలిచియున్నది. ఏల? ఇంగ్లీషు బోధించుతఱిఁ దెనుఁగు మాట యెత్తుట యపచారమని మన బడులలోఁ బలుచోట్ల నొక మతము ప్రబలియున్నది. తల్లిభాషను గుమ్మము వెలుపల విడిచి రమ్మనుచున్నారు. పిమ్మట, దారి తెలియనివారని నవ్వుచున్నారు.

'వెంట్' అనుదాని పుట్టుక యెఱిఁగినవారు మన నవ్వును జూచి నవ్వుదురు. అది 'గో' కన్నబిడ్డ కాదు. 'వెండ్' అను వేఱొక క్రియ యొక్క భూతరూపము. ప్రాచీనాంగ్లమున 'గో'కు వేఱొక భూతరూప ముండెడిది. అది నశింపఁగా 'వెంట్' దత్తత వచ్చెను. 'హెల్ప్' అనుదానికి నొకప్పుడు 'హోల్ప్' అని యుండెను. నేఁడు 'హెల్ప్డ్' అనుచున్నారు. ఇంగ్లండులోఁ బుట్టిన పసిబిడ్డలు 'గోఎడ్' అనియు 'ఈటెడ్' అనియు పలుకుదురు. తల్లి సరియైన రూపమును తాను పలికి మాట సాగించును. పంక్తిలోనివారికిఁ జాటి చెప్పదు. 1762లో రాబర్ట్ లౌత్ అనునతఁడు, తరువాత లండనునకు బిషప్పైనవాఁడు, ఇంగ్లీషు వ్యాకరణము వ్రాసి, మిల్టను, స్విఫ్టు, అడిసను మున్నగువారి వాక్యములనే తప్పులకు నుదాహరణములుగ నెత్తిచూపెను. 'యు వాజ్', 'హావ్ రోట్' అనునవి యాకాలపు శిష్టుల వ్రాఁతలలోనే యుండెడివి. ఆ మహాకవులకు దొరకిన క్షమ మన యిల్లాండ్రకు దొరకలేదు.

సర్వనామముల విషయమున మన పాండిత్య మింకను సొంపైనది. "బిట్వీన్ యు అండ్ ఐ" అన్న విద్యార్థికి మేమే యెఱ్ఱసిరాతో గీఁత గీసినవారము. షేక్‌స్పియరు 'వెనీసువర్తకుఁడు' నాటకమున నా ప్రయోగమే కలదు. ఒక్కనిఁ జెప్పుటకు 'దే' అనరాదని కొందఱు పట్టుపట్టుదురు. ఆ వాడుక 14వ శతాబ్ది నుండియు నున్నది. 'యు' అనునది మాత్రము మొదట నేకవచనమా? బహువచనమే. 'దౌ' అను నేకవచనమును మర్యాద మింగివేసెను. మన మన్ననో, "ప్రధానోపాధ్యాయులవారు వచ్చినారు, వారు కూర్చున్నారు" అని యొక్కని గూర్చి దినమెల్ల ననుచుండి, ఇంగ్లీషువాఁడు ఒక్కనికి 'దే' అనఁగా ముక్కుపై వ్రేలిడుకొందుము! 1850లో బ్రిటిషు పార్లమెంటు శాసనములలోని పుంలింగపదము స్త్రీలకును జెల్లునని యొక చట్టమే చేసెను. దానిని నిందించుటకు ముందు మన యింటిని జూచుకొందము. 1858 నాఁటి బాలవ్యాకరణమునఁ జిన్నయసూరి మహత్తుల లెక్కనుండి పశుపక్ష్యాదులతోను జడములతోను స్త్రీలను గూడ వేఱుచేసెను. "ఆమె వచ్చినది, ఆవు వచ్చినది" అని మన మిప్పటికి ననుచున్నాము. బహువచనమున మాత్రమే యామెకు మహత్త్వము! తెనుఁగు నుడి యట్లున్నది, సూరి దోషము గాదు. అయినను వ్యాకరణము పేర స్త్రీని నవ్వువాఁడు ఈ సంగతి యెఱిఁగియుండుట మేలు.

ఇట్లు సమర్థించుచుఁ బోయినచో వ్యాకరణ మెందులకని యడుగువారుందురు. కావలెను. పరీక్షలోను, అర్జీలోను, కొలువు కోరు నుత్తరములోను తప్పుపోయినచో నష్టము కలుగును; ఆ నష్టమును దాఁచుట బిడ్డకు ద్రోహము. దిద్దవలెను, కారణము చెప్పి దిద్దవలెను. "ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే" అను వాక్యమును దిద్దుటకు మాకు సంస్కృతము తోడ్పడినది. పాణిని నేఁటిది గాని భూతమునకు లఙ్‌ను, కన్నులఁ జూడని భూతమునకు లిట్టును, భూతసామాన్యమునకు లుఙ్‌ను విధించెను. ఇంగ్లీషు విభాగము దీనితో సరిపోదు; గాని 'నిన్న' యన్నంతనే క్రియ వేషము మార్చుననెడి యెఱుక రెండింటను గలదు. ఆ మాట చెప్పిననాఁడు తరగతిలో నెవ్వరును నవ్వలేదు. అన్నట్లు, మేమీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్నాము గాని యింటఁ గ్రాంథికము పలుకము. మా యరసున్నలలోఁ దప్పులు దొరకినచోఁ జదువరులు గుట్టుగాఁ దెలిపిన సంతోషింతుము.

గృహప్రవేశమునకు వచ్చినవారిలో మేమొక్కరము తరువాత నాయింటికిఁ బోయి, ఆ యిల్లాలికి 'లేదు' సంగతి చెప్పి, నవ్వినందులకు మన్నింపుమంటిమి. ఆమె విని, కాఫీ యిచ్చి, ఒక ప్రశ్న వేసెను: "సరే అన్నయ్యగారూ, మఱి 'డిడ్ హి గో' అని యడిగినప్పుడో? మనము 'వాఁడు వెళ్లెనా' అందుముగదా. అక్కడ మన క్రియ మూలరూపమునకు రాదే?" నిజమే. అచ్చట మా పోలిక కుంటుపడుచున్నది. తెనుఁగు ప్రశ్న క్రియను ముట్టక చివర 'ఆ' చేర్చును. ఇంగ్లీషు ప్రశ్న 'డిడ్'ను ముందునకుఁ దెచ్చి క్రియను మూలమునకుఁ ద్రోయును. ఇరువదియేండ్ల బోధనలో మా విద్యార్థు లెవ్వరును ఆ ప్రశ్న యడిగినవారు కారు. యజమానుఁ డప్పుడు వార్తాపత్రిక చదువుచు నచ్చటనే కూర్చుండియుండెను.