పేరు చదువువారు కావలెను

మన పెరియకుళమునగాని చుట్టుపట్ల యూళ్ళలోగాని ఏ కోవెలకు పోయినను గోడమీద, గంటమీద, నీళ్ళతొట్టిమీద ‘ఉభయము’ అను మాటయు, దానిక్రింద నొక పేరును కనబడును. ట్యూబులైటుమీద వ్రాయించిన పేరు దాని వెలుతురును సగము మ్రింగుట చూచి జనులు నవ్వుకొనుటయు కలదు. కాని ఆ పేరు వెనుకనున్న ప్రేమ నవ్వదగినది కాదు. గతించిన తండ్రిని, చిన్ననాడే పోయిన బిడ్డను మరవరాదని యెవరో తమ కష్టార్జితములో కొంత తీసి యిచ్చినారు.

ఆ పేర్లలో ననేకములు మన తెలుగువారివి. వ్రాసిన లిపి తమిళము. ఊరివారందరును చదువవలెను గనుక అందు తప్పు లేదు. కాని ఆ పేరునే తెలుగున వ్రాసి చూపినచో ఆ యింటి మనుమలలో నెందరు చదువగలరు? ఈ ప్రశ్నను ఈ వారము పాఠకుల ముందుంచుచున్నాము.

గతించినవారిని దానముచే స్మరించుట మనకు క్రొత్త గాదు. మధురలో తిరుమలనాయకుడు (1623–1659) తాను కట్టించిన పుదుమండపపు స్తంభములమీద తన పూర్వులైన నాయకరాజుల ప్రతిమలను నిలిపించెను. కోయంబత్తూరున 1926లో పి. యస్. గోవిందస్వామినాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని నాలుగు భాగములు గాక ఐదు చేసి, ధర్మము తమకు ఐదవ సోదరుడన్నట్లు ఆ ఐదవ భాగమును తండ్రిపేరిట ధర్మసంస్థకు విడిచిరి. నాటి రెండు లక్షల పైచిలుకు రూపాయల నుండియే నేటి పి. యస్. జి. కళాశాలలును వైద్యశాలయును పెరిగినవి. ఆ నగరముననే లక్ష్మీమిల్లు స్థాపకులైన జి. కుప్పుస్వామినాయుడుగారి స్మృత్యర్థము వారి కుటుంబమువారు నెలకొల్పిన ఆసుపత్రి 1952 నుండి రోగులను ఆదుకొనుచున్నది.

ఇవి మహాదాతల పనులు. మామిడితోపు కౌలుకు చేయువాడు, చిన్న అంగడి నడుపువాడు, గుమాస్తా కొలువు చేయువాడు ఆసుపత్రి కట్టించలేడు. అట్టివాడు ఏటేట చేయదగిన స్మృతిదానమునకు మేలుబంతి యొకటి యూదులలో మాకు కనుపించుచున్నది.

యూదులనగా ఎక్కడివారోయని తలంపవలదు. మన పడమటి కొండలకావల కొచ్చిలో వారు 1568లో కట్టుకొన్న దేవాలయము నేటికిని నిలిచియున్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిము అను పేర తెలుగు మాటలాడు యూదుల చిన్న సమాజము కలదు. వారిలో ధనికులును పెద్ద కట్టడములు కట్టించిరి. బొంబాయిలో జేకబ్ ససూను 1884లో తండ్రి ఏలియాసు స్మృత్యర్థము కట్టించిన దేవాలయము అట్టిది. కాని మాకు ముఖ్యముగా తోచినది సామాన్యుల ఆచారము.

తల్లిగాని తండ్రిగాని పోయిన తిథి యేటేట వచ్చినపుడు యూదులయింట నొక దీపము రేయింబవలు వెలుగును. ఆనాడు తమ శక్తికొలది దానము చేయుదురు. ఐరోపా యూదులు సంవత్సరమునకు నాలుగు పర్వదినములందు జరుపు స్మృతిప్రార్థనలో, గతించినవారి పేరు చెప్పి, వారి పక్షమున దానము చేయుదుమని మాట యిచ్చుట ప్రార్థనలోనే యొక భాగము. ఆ దానమునకు వారు వాడు ‘సెదాకా’ యను పదము న్యాయమను అర్థముగల ధాతువునుండి పుట్టినది. ఇచ్చువాడు దయ చూపుచున్నాడని గాక, ఋణము తీర్చుచున్నాడని అందలి భావము.

వారి కొడుకులు చదువు ‘కద్దీషు’ అను ప్రార్థన మరియొక విశేషము. పదిమంది కూడిననే గాని దానిని చదువరాదు. అందు చావను మాటయే లేదు. ఉన్నదంతయు భగవంతుని కీర్తనయే. అది అరమాయికు అను ప్రాచీనభాషలో నున్నది. ఆ భాషను నేడు ఇంట మాటలాడు యూదులు మిక్కిలి అరుదు. అయినను పోయినవారికొరకు నోరు తిరుగునట్లు నేర్చుకొనుటచేత ఆ మాటలు తరతరములుగా వారి బిడ్డల నాలుకలమీద నిలిచినవి.

కొచ్చికి ఉత్తరముగా చేందమంగలమున 1269వ సంవత్సరపు సమాధిశిల యొకటి కలదు. దానిమీద సారా యను స్త్రీ పేరు హీబ్రూ అక్షరములలో చెక్కబడినది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినపిమ్మట ఆ ప్రాంతపు యూదులు చాలమంది తరలిపోయిరి. ఏడువందల యేండ్లు దాటినను ఆమె పేరు నేడును చదువబడుచున్నది. రాయి నిలుచుట యొక్కటే యిందుకు కారణము గాదు. ఆ జాతి తన పిల్లలకు అక్షరములు నేర్పుట మానలేదు.

మన సంగతి యేమి? అవ్వ యింట తెలుగు మాటలాడును. కోడలు సగము మాటలాడును. మనుమరాలు విని అర్థము చేసికొని తమిళమున బదులు చెప్పును. అవ్వ పోయిననాడు ఆమెతోకూడ ఆ యింటి తెలుగును పోవును. తదుపరి సంవత్సరము ఆమె పేర కోవెలకు ఉభయ మిత్తుము, సురులి తీర్థమునకు పోయి నువ్వులు నీళ్ళు విడుతుము. ఆమె మనకిచ్చిన మాటకు మాత్ర మేమియు చేయము.

కావున మా సూచన యిది. పెద్దల తిథినాడు చేయు సంతర్పణ ఖర్చులో ఒక విస్తరి వెలయైనను మన సంఘమునకు స్మృతిదానముగా నిండు. ఆ ధనముతో బాలశిక్షలు, పలకలు కొని, సాయంకాలపు తెలుగు తరగతి నడుపు ఉపాధ్యాయునకు గౌరవవేతన మీయవచ్చును. గతించినవారి పేరు, ఊరు, తిథి ఒక పుస్తకమున తెలుగున వ్రాయవలెను. ఆ తిథి వచ్చిననాడు తరగతిలోని యొక బిడ్డ లేచి ఆ పేరు బిగ్గరగా చదువవలెను. ఎవరెంత యిచ్చిరో ప్రకటింపరాదు. జమాఖర్చులు మాత్రము ఏటేట ఈ పత్రికలోనే పైసలతో సహా ప్రకటింపవలెను.

రోగికి మందు, ఆకలిగొన్నవానికి అన్నము అక్షరముకంటె ముందుగదా యని కొందరందురు. నిజమే. ఆ దానములు మానుమని మే మనుట లేదు. కాని ఆసుపత్రికి అన్ని భాషలవారును ఇత్తురు. పెరియకుళము పిల్లలకు తెలుగక్షరము నేర్పుటకు మనము తప్ప మరెవ్వ రిత్తురు?

ఇది తమిళముతో తగవు గాదు. తమిళము మన నేల భాష. మన పిల్లలు దానిని బాగుగ చదువవలెను. 2006లో చేసిన శాసనము దానిని బడులలో తప్పనిసరి చేసినది. రాజ్యాంగములోని 29, 30 అధికరణములు మన భాషను కాపాడుకొను హక్కు నిచ్చినవి. హక్కు కాగితముమీద నున్నది. దానిని వాడుకొనుటకు సాయంకాలమున ఒక గంట, ఒక పలక, ఒక గురువు కావలెను.

మా యిండ్లలోను తాతల పటములకు పూలమాలలు వేసితిమి, పటముక్రింద పేరు తెలుగున వ్రాయించితిమి, పిల్లలకు మాత్రము ఆ లిపి నేర్పమైతిమి. ఈ లోపము మాదియు మీదియు. వచ్చు మహాలయ అమావాస్యలోపల పదియిండ్లవారు ముందుకు వచ్చినచో తరగతి ప్రారంభింపవచ్చును. పుస్తకమున మొదటి పేర్లు మా పెద్దలవి వ్రాయింతుము. రెండవ పుటను మీకై విడిచియుంచెదము.