మొరాయించిన మోటారు

బొగ్గుగనులలో పనిచేసినవారి యిళ్ళలో పుట్టి పెరిగిన మనకు ఈ సంగతి కొత్త కాదు. అనుభవం గల పనివాడు గనిలోనికి దిగగానే పలుగు ఎత్తడు. ముందు కర్రతో కప్పును తట్టి చూస్తాడు. ఖంగుమని మ్రోగితే రాయి గట్టిది. డొల్లగా పలికితే లోపల పొర విడిపోయినదన్న మాట. కంటికి కనబడనిది చెవికి చిక్కుతుందని లాల్‌పేట్ పెద్దలకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఈ విద్యనే ఇంటిముందున్న కారుకూ వాడుకోవచ్చునని ఈ నెల మనవి చేయదలచాను.

కారు స్టార్టు కాని ఉదయం మన యిళ్ళలో జరిగే తంతు అందరికీ తెలిసినదే. ఒకరు బ్యాటరీ అంటారు, ఒకరు సెల్ఫ్ అంటారు, మరొకరు పిల్లలందరినీ పిలిచి “తొయ్యండిరా” అంటారు. ఈలోగా చక్రం ముందు కూర్చున్న పెద్దమనిషి తాళంచెవి తిప్పుతూనే ఉంటాడు. బ్యాటరీలో మిగిలిన ఆ కాస్త సత్తువా అక్కడే హరించిపోతుంది. అలిగిన అల్లుణ్ణి ఎందుకు అలిగావని అడగకుండా ఎదుట వరుసగా పళ్ళేలు పెట్టినట్లుంటుంది ఈ వైద్యం.

వెనుకటి కార్లకు ముందుభాగంలో హాండిలు పెట్టి త్రిప్పేవారు. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లకు వచ్చిన తరువాత ఆ బాధ తగ్గింది. మన అంబాసిడరుకు మాత్రం చాలాకాలం హాండిలు కూడా ఉండేది. 2014లో ఆ కారు తయారీయే ఆగిపోయినది. నేటి కార్లకు హాండిలు లేదు. అందుచేత బ్యాటరీ పడుకుంటే బండీ పడుకుంటుంది.

ఇక అసలు విషయం. తాళంచెవిని ఒక్కసారి త్రిప్పి, చేయి తీసి, వినవలె. వినబడేది మూడు విధాలలో ఒకటిగా ఉంటుంది.

మొదటిది: చప్పుడే లేదు, లేదా టకటకమని ఆగిపోతుంది. ముందు దీపాలు వేసి, మళ్ళీ తాళం త్రిప్పుతూ వాటినే చూడవలె. దీపాలు మసకబారినా, ఆరిపోయినా లోపం బ్యాటరీలోనో, దాని టెర్మినళ్ళలోనో ఉన్నది. దీపాలు చెక్కుచెదరకుండా వెలుగుతూ, ఒక్క “టక్” మాత్రమే వినబడితే సెల్ఫ్‌ను అనుమానించవచ్చును. దీపాలు బాగానే ఉండి ఆ టక్ కూడా లేకపోతే, మిస్త్రీకి కబురు పెట్టేముందు కాలు చూసుకోండి. క్లచ్చి పూర్తిగా తొక్కనిదే స్టార్టు కాని కార్లు ఇప్పుడు చాలా ఉన్నవి. ఆటోమాటిక్ కారైతే మీట పార్కులోనో, న్యూట్రల్‌లోనో ఉండవలె.

రెండవది: ఇంజను తిరుగుతుంది గాని, ముసలి ఎద్దు బురదలో నడిచినట్లు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఇదీ చాలావరకు బ్యాటరీ నీరసమే, లేదా తీగ బిగువు తగ్గడమే. టెర్మినళ్ళమీద తెల్లగానో, పచ్చగానో పొడి పట్టి ఉంటే, ముందు నల్లతీగ, తరువాత ఎర్రతీగ ఊడదీసి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, బాగా తుడిచి, ఈసారి ఎర్రదానిని ముందు, నల్లదానిని వెనుక బిగించవలె. కొత్త బ్యాటరీ కొనవలెనని బయలుదేరినవారికి ఈ కడుగుడుతోనే పని జరిగిన సందర్భాలు కలవు. అయితే బ్యాటరీలో ఉన్నది ఆమ్లం. చేతికీ కంటికీ తగలకూడదు. దానినుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

మూడవది: ఇంజను చురుకుగా గిరగిర తిరుగుతుంది గాని అందుకోదు. ఇక్కడ బ్యాటరీని తిట్టి లాభం లేదు. ఇంధనమో, నిప్పురవ్వో అందడం లేదు. మొదట పెట్రోలు ముల్లు చూడండి. నవ్వకండి, ఇది పెద్ద పెద్ద వారికే తప్పిన చూపు. తరువాత తాళం ఒక మెట్టు మాత్రం త్రిప్పి, వెనుక సీటువైపు చెవి పెట్టండి. చాలా పెట్రోలు కార్లలో అక్కడ పంపు రెండు సెకండ్లు సన్నగా గుయ్యిమంటుంది. ఆ రొద లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు చూడవలె. అద్దం వెనుక తాళంచెవి బొమ్మ దీపం మిణుకుమంటూ ఉంటే, కారు మీ తాళాన్ని గుర్తించడం లేదు. రెండవ తాళంతో ప్రయత్నించండి. వారం పది రోజులు కదలని బండి అయితే బోనెట్టు ఎత్తి చూడండి. ఎలుకలు తీగలు కొరికి ఉండవచ్చును. డీజిలు బండికి చలి ఉదయాన చుట్టబొమ్మ దీపం ఆరేదాకా ఆగి స్టార్టు చేయవలె.

ఏ విధమైనా సరే, ఒక్క ప్రయత్నం పది సెకండ్లకు మించకూడదు. నడుమ అరనిమిషమైనా విరామం ఇవ్వవలె. లేకపోతే ఒక రోగానికి తోడు రెండవది, కాలిపోయిన సెల్ఫ్, చేతికి వస్తుంది.

మన ఊరికి ఈ విద్య మరీ అవసరం. చంద్రపూర్ మే నెల ఎండ 47, 48 డిగ్రీలు దాటిన సంవత్సరాలు మనకు తెలుసును. బ్యాటరీకి చలికంటె వేడిమే పెద్ద శత్రువు. వేడికి అందులోని నీరు ఆవిరవుతుంది, లోపలి పలకలు త్వరగా క్షీణిస్తాయి. మేలో తగిలిన దెబ్బ డిసెంబరు తెల్లవారుజామున బయటపడుతుంది. కనుక ఎండాకాలానికి ముందొకసారి, తరువాతొకసారి కొలిపించుకోవలె. రాత్రంతా నిలిచిన బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్లు. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తూండగా 14 దరిదాపుల లేకపోతే బ్యాటరీని కాదు, దానిని నింపే ఆల్టర్నేటరును చూపించవలె. ఈ తేడా తెలియక బ్యాటరీ మార్చినవారికి నెల తిరిగేసరికి కొత్తదీ పడుకుంటుంది.

తోసి స్టార్టు చేయడం ఆటోమాటిక్ కార్లకు పనికిరాదు. గేరుబండికైనా తాళం వేసియుండవలె. లేకపోతే స్టీరింగు బిగిసిపోతుంది. ఇంజను లేనిదే స్టీరింగు, బ్రేకు రెండూ బరువుగా ఉంటాయి. కనుక పల్లంలోనూ, పిల్లలచేతనూ ఈ పని చేయించవద్దు. మరొక కారునుండి తీగలు కలిపేటప్పుడు ఎర్రతీగను ముందు చచ్చిన బ్యాటరీకి, తరువాత మంచిదానికి తగిలించి, నల్లతీగను మంచి బ్యాటరీకీ, రెండవ కొసను ఆగిన బండి ఇంజను ఇనుముకూ తగిలించవలె. రాజురా దాటి ఆసిఫాబాదు, మంచిర్యాల వైపు పెళ్ళిళ్ళకు పోయే దారిలో బండి ఆగితే, ముందు పసివారినీ వృద్ధులనూ నీడకు దింపండి. అద్దాలు మూసిన బండి ఎండలో కొద్ది నిమిషాలకే పొయ్యి అవుతుంది. రాత్రివేళ ఆస్పత్రికి పోవలసివచ్చి బండి పలకకపోతే, దానితో తగవు పెట్టుకోవద్దు. 108కి ఫోను చేయండి. మహారాష్ట్రలోనూ, తెలంగాణలోనూ అదే నెంబరు.

మిస్త్రీని పిలవవలసి వచ్చినా విన్నది విన్నట్లు చెప్పండి. “బండి స్టార్టు కావడం లేదు” అంటే అతనికి ఏమీ తెలియదు. “సెల్ఫ్ తిరగడం లేదు, దీపాలు మసకబారుతున్నవి” అంటే బ్యాటరీ వెంట తెచ్చుకుంటాడు. “సెల్ఫ్ తిరుగుతున్నది, ఇంజను అందుకోవడం లేదు” అంటే వేరే సామాను తెస్తాడు. మీకు ఒక పూటా, కొంత సొమ్మూ మిగులుతుంది. నలుగురి ముందు తెలిసి మాట్లాడిన యజమానిని మోసగించడమూ అంత సులువు కాదు.

చివరగా ఒక్క మాట. రోగపు చప్పుడు పోల్చుకోవలెనంటే ఆరోగ్యపు చప్పుడు తెలిసి ఉండవలె. బండి బాగున్నప్పుడే రేపు ఉదయం పాట ఆపి, మాటలు ఆపి, తాళం త్రిప్పి ఒక్కసారి శ్రద్ధగా వినండి. బండి నడిపే కోడలినీ, కొడుకునూ కూడా వినమనండి.