చెత్త షెడ్డుకు తాళం వేస్తే రోగం ఆగదు

అంటురోగం వచ్చినప్పుడు ఏది మూయాలి, ఏది తెరిచి వుంచాలి అన్నది మొదటి రోజునే తేల్చుకోవలసిన విషయం. బియ్యం కొట్టు, మందుల దుకాణం, పాలబండి ఆగకూడదని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఇంట్లోంచి రోజూ బయటపడే సీసాలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ డబ్బాలు, పాత ఇనుము ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కరోనా నాడు గుర్తు రాలేదు. ఆ పొరపాటు మళ్లీ జరగకూడదంటే, ఒళ్లు బాగున్న ఈ రోజుల్లోనే పల్లె పల్లెకూ ఒక పద్ధతి ఏర్పడాలి.

రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. రోగిని సికింద్రాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిలో చేర్చారు. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్ వచ్చాయి. కేంద్రం ఉత్తర్వుల్లో పారిశుద్ధ్య పనికి మినహాయింపు దొరికింది. చెత్త ఎత్తే బండి తిరిగింది. కాని పాతసామాను కొనే కొట్టుకు ఆ మినహాయింపు దక్కలేదు. గాంధీ ఆసుపత్రికి దగ్గర్లోనే వున్న భోలక్‌పూర్ ప్లాస్టిక్ తుక్కుకు, ఇనుప తుక్కుకు పేరుపడ్డ చోటు. అలాంటి చోట్ల వున్న గోదాములన్నీ అత్యవసరం కాని దుకాణాల లెక్కలోకి పోయాయి. చెత్త ఎత్తడం అవసరమే గాని, ఎత్తినదాన్ని వేరుచేసి మళ్లీ వాడకంలోకి పంపడం అనవసరం అన్నట్లు అయింది.

ఇది పట్నం గొడవ, పల్లెకేమి పట్టింది అనుకోవడానికి వీలులేదు. పాత ప్లాస్టిక్‌కు ఉల్లిగడ్డలు ఇచ్చే సైకిలు మనిషి వూళ్లో పోగేసిన సరుకును మండల కేంద్రంలోని చిన్న కొట్టుకు వేస్తాడు. చిన్న కొట్టువాడు దాన్ని ట్రాలీ ఆటోలో జంటనగరాల గోదాముకు చేరుస్తాడు. గోదాము నుంచి మిల్లుకు పోతుంది. గోదాములో కాటా ఆగిన నాడు కీసర వైపు పల్లెలో సైకిలు కూడా ఆగుతుంది. కొనేవాడు లేని సరుకు చెరువు గట్టు చేరుతుంది.

వేరుచేసే అలవాటు కోసం ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టలేదని అనలేము. జంటనగరాల్లో తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి చొప్పున 2015లో 44 లక్షల బుట్టలు ఇళ్లకు పంచే పని చేపట్టారు. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లెప్రగతి కింద గ్రామాలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు, చెత్త వేరుచేసే షెడ్లు వచ్చాయి. ఇంత చేసిన తర్వాత, సరిగ్గా అవసరమైన రోజున షెడ్డుకు తాళం పడితే ఆ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

తాళం వేస్తే చెత్త పుట్టడం ఆగదు. జనమంతా ఇళ్లలోనే వుంటారు కనుక ఇంటి చెత్త ఇంకా పెరుగుతుంది. పెంటకుప్పలో పడ్డ ప్లాస్టిక్ కవర్లు పశువుల కడుపులోకి పోతాయి. పోనివాటికి ఎవరో ఒకరు నిప్పు పెడతారు. ఊపిరితిత్తుల రోగం తిరుగుతున్న కాలంలో ప్లాస్టిక్ పొగ పీల్చడం కంటే అనర్థం వేరే ఏముంటుంది?

దోమల సంగతి మరీ ముఖ్యం. దోమ కడుపులో మలేరియా క్రిమి జాడను రొనాల్డ్ రాస్ కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియా దోమ వేరు, డెంగీ దోమ వేరు. డెంగీ దోమకు చెరువు అక్కరలేదు. పాత టైరులో, కొబ్బరి చిప్పలో, ప్లాస్టిక్ గ్లాసులో నిలిచిన గుక్కెడు వాన నీరు చాలు. దాని గుడ్లు తడి లేకుండా నెలల తరబడి బతికి, వాన పడగానే పిల్లలవుతాయి. మార్చిలో ఆగిన పాతసామాను జూన్ దాకా పెరట్లోనే వుంటే ఒక రోగానికి భయపడి ఇంకో రోగానికి పీట వేసినట్లే.

ఇక మనుషుల సంగతి. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం జంటనగరాల పారిశుద్ధ్య కార్మికులకు రూ.7,500, మిగతా పట్టణాలు, గ్రామ పంచాయతీల కార్మికులకు రూ.5,000 కానుకగా ప్రకటించింది. మంచి పనే. కాని అది జీతాల పట్టీలో పేరున్నవారికి. గోనెసంచి భుజాన వేసుకొని సీసాలు ఏరుకునేవారు, తోపుడుబండిపై అట్టలు కొనేవారు ఏ పట్టీలోనూ లేరు. వారు చేసేదీ పారిశుద్ధ్యమే. కొట్టు మూతపడితే ఆ పూట కూలి పోయింది, అడగడానికి యజమాని కూడా లేడు. చెత్త ఏరుకునేవారిని గుర్తించి తమ ఏర్పాట్లలో కలుపుకోవాలని స్థానిక సంస్థలకు 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. చెత్త ముట్టుకునే కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు, మాస్కులు ఇవ్వాలని కూడా అవే చెప్పాయి. కాగితంపై వున్న మాట చేతికి అందకపోవడమే వచ్చిన చిక్కు.

అయితే ఏమీ జరగనట్లు తలుపులు బార్లా తెరవమనడమూ తప్పే. భయం వుత్తది కాదు. రోగి వాడిన మాస్కు, తుడుచుకున్న గుడ్డ, మందు సీసా, సూది, అన్నీ పాల కవర్లలో కలిసి వస్తే వాటిని వట్టి చేతులతో విప్పేది షెడ్డులోని కార్మికుడే. పోలియో చుక్కలు వేయించడానికి బిడ్డను ఎత్తుకుపోయే తల్లి కూడా ఆ కార్మికుల్లో వుంటుంది. ఆమె ఇంటికి రోగం పోతే ఆ పాపం చెత్త కట్టిచ్చిన ఇంటిదే.

రోగం ఎలా అంటుతుందో తెలిసిన కొద్దీ జాగ్రత్త ఎక్కడ పెట్టాలో కూడా తేలింది. కరోనా క్రిమి ప్లాస్టిక్‌పై 72 గంటల దాకా, అట్టపై 24 గంటల దాకా వుండగలదని 2020 మార్చిలో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. దానితో జనం వస్తువు ముట్టుకోవడానికే జంకారు. తర్వాత అసలు ప్రమాదం గాలిలో వున్నదని రుజువైంది. వస్తువును తాకితే అంటుకునే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా రోగనివారణ సంస్థ చెప్పింది. అంటే షెడ్డులో భయపడవలసింది సీసాను చూసి కాదు. నాలుగు గోడల మధ్య పదిమంది మూగి, మొహం మీద మొహం పెట్టి మాట్లాడుకోవడాన్ని చూసి. వీధుల్లో మందు నీళ్లు చల్లడం వల్ల ఫలం లేదని, మనుషులపై చల్లడం హానికరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్చరించింది.

ఇంగ్లండులో ఇళ్లవారు పాతసామాను తెచ్చి వేసే కేంద్రాలు వున్నాయి. 2020 మార్చిలో వాటిలో చాలా భాగం మూశారు. రోడ్ల పక్కన చెత్త పారబోస్తున్నారన్న ఆందోళన లేచింది. మేలో తెరిచినప్పుడు బారులు తీరిన కార్లను అదుపు చేయడానికి కొన్నిచోట్ల ముందుగా సమయం ఇచ్చారు, కొన్నిచోట్ల కారు నెంబరు సరి, బేసి చూసి రోజులు పంచారు. మన దగ్గర 2021 మే 12న రెండో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మొదట ఉదయం 6 నుంచి 10 గంటల వరకే దుకాణాలు తెరవనిచ్చారు. రోజంతా వచ్చే జనం నాలుగు గంటల్లో రావలసి వస్తే గుంపు తగ్గదు, పెరుగుతుంది. గంటలు తగ్గించడం కంటే రోజులు పంచడమే మేలు.

పల్లెలో ఇది కష్టమైన పని కాదు. ఒక్కో వార్డుకు ఒక్కో రోజు కేటాయించి డప్పు చాటింపు వేయిస్తే చాలు. షెడ్డుకు పైకప్పు వుండాలి, పక్కలు తెరిచి గాలి ఆడాలి. తెచ్చినవారు సరుకును కడిగి, ఆరబెట్టి, వేరుచేసి తేవాలి. చేతికి చేయి ఇవ్వకుండా గుర్తు పెట్టిన చోట దింపి వెళ్లాలి. గేటు దగ్గర సబ్బు, నీళ్లు వుండాలి. సోమవారం వచ్చిన కుప్పను గురువారం దాకా ముట్టుకోకుండా పక్కన పెట్టవచ్చు. ప్రమాదం కొంచెమే అయినా ఆ ఆగడానికి ఖర్చు లేదు, కాస్త చోటు వుంటే చాలు.

రోగి వున్న ఇంటి చెత్త మాత్రం షెడ్డు గడప తొక్కకూడదు. దాన్ని పసుపు సంచిలో వేరుగా ఇవ్వాలని, ఆసుపత్రి చెత్తతో పాటు పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే చెప్పింది. మామూలు ఇళ్లవారు వాడిన మాస్కులను కత్తిరించి, కాగితపు సంచిలో 72 గంటలు వుంచిన తర్వాతే పొడి చెత్తలో వేయాలన్నది. ఏ ఇంట్లో రోగి వున్నాడో ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. ఆమె మాట ట్రాక్టరు డ్రైవరుకు చేరే ఏర్పాటు వుంటే సగం ప్రమాదం తప్పుతుంది. అలాగని ఆ ఇంటిని వెలివేసినట్లు చూడకూడదు. వెలికి భయపడి రోగాన్ని దాచుకుంటే నష్టపోయేది వూరే.

అన్నిటికంటే ముఖ్యమైనది కార్మికుడి జ్వరం. పనికి రాకపోతే కూలి పోతుందని తెలిసినవాడు జ్వరంతోనే వస్తాడు, పక్కవాడికి అంటిస్తాడు. జ్వరం వచ్చిన రోజులకు కూలి ఇస్తామని ముందే మాట ఇచ్చి నిలబెట్టుకున్న వూళ్లో షెడ్డు ఆగదు. ఆ నాలుగు రోజుల కూలి మిగుల్చుకోవాలని చూసిన వూళ్లో షెడ్డుతో పాటు ఆసుపత్రి ఖర్చూ మీద పడుతుంది.

ఈ పనిలో వున్నవారికి ముందు వరస ఇవ్వడం ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. 2021 జనవరి 16న రాష్ట్రంలో తొలి కరోనా టీకా వేసింది గాంధీ ఆసుపత్రిలోని ఒక పారిశుద్ధ్య కార్మికురాలికే. డాక్టరు కంటే ముందు ఆమెకు వేశారు. ఆ గౌరవం ఒక్క రోజు ఫోటోతో ఆగిపోకుండా, పల్లె షెడ్డులో అట్టలు వేరుచేసే మనిషి దాకా, సైకిలుపై సీసాలు కొనే మనిషి దాకా రావాలి.

2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ తర్వాత ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. రోగం కబురు పెట్టి రాదు. ప్రతి గ్రామ పంచాయతీ ఒక గ్రామసభలో ఈ పద్ధతిని ఒక్క కాగితంపై రాసి తీర్మానం చేసుకోవాలి. ఏ వార్డుకు ఏ రోజో, తాళంచెవి ఎవరి దగ్గర వుంటుందో, తొడుగులకు, జ్వరం రోజుల కూలికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో అందులో వుండాలి. వూళ్లో చెత్త ఏరుకునేవారు, పాతసామాను కొనేవారు ఎవరెవరో పంచాయతీ కార్యదర్శి పట్టీ తయారుచేయాలి. పాతసామాను కొట్టును కూడా పారిశుద్ధ్య పనిలో భాగంగానే చూడాలని జిల్లా యంత్రాంగం ముందే ఉత్తర్వు సిద్ధంగా వుంచుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటే. ఈసారి చేతులు కాలేది చెత్త ఎత్తేవారివి కనుక, ఆకులు ముందే కోసి పెట్టడం మిగతా అందరి బాధ్యత.