ఆదిలాబాద్ ఘాట్లను మరిచారు

సంపాదకులకు,

డ్రైవింగ్ ఇష్టపడేవాళ్ల కోసం గత వారం మీరు వేసిన వ్యాసం అరకు, శ్రీశైలం, మారేడుమిల్లి ఘాట్లను మెచ్చుకుంది, బాగుంది. కానీ గోదావరి దాటి ఉత్తరానికి వెళ్తే తిన్నని రోడ్డు తప్ప ఏమీ లేదన్నారు. ఇది తప్పు. 44వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసల మీద దూసుకుపోయి ఆదిలాబాద్‌ను చూశామనుకుంటే ఎలా?

నిర్మల్ దాటాక పాత ఏడో నంబరు రోడ్డు పట్టుకోండి. మహబూబ్ ఘాట్ వస్తుంది. వానాకాలంలో టేకు పూత గుట్టంతా తెల్లగా పరుచుకుంటుంది. ఆ దారినే నేరడిగొండ చేరితే కుంటాల జలపాతం. ఇటు ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వైపు వెళ్తే కెరమెరి ఘాట్. 1940లో కుమ్రం భీం నేలకొరిగిన జోడేఘాట్ కెరమెరి మండలంలోనిదే.

ఇంకో మాట. తెల్లవారుజామున అడవి రోడ్లు ఖాళీగా ఉంటాయి, వేగంగా వెళ్లొచ్చని సలహా ఇచ్చారు. మా దగ్గర అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఎండాకాలం మొదట్లో గోండు, కొలాం ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని ఇప్పపువ్వు ఏరడానికి బయల్దేరేది ఆ చీకట్లోనే. జన్నారం వైపు అడవి 2012 నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యం. జింకలు ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తాయి. ఘాట్‌లో మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి, దిగేటప్పుడు గేరు తగ్గించాలి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి.

తెల్లవారుజామున వేగంగా వెళ్లొచ్చన్న ఆ సలహాను వచ్చే సంచికలో సవరించండి.

— ఒక పాఠకుడు, ఆసిఫాబాద్