నమ్మకం ఇరువైపులా ఉండాలి

కంప్యూటరు బల్లమీది పెట్టెగానే మిగిలిపోదనీ, చుట్టూ ఉన్న వస్తువుల్లో కలిసిపోయి కంటికి కనబడకుండా పనిచేస్తుందనీ అమెరికా శాస్త్రవేత్త మార్క్ వైజర్ 1991లో రాశాడు. నేడు తలుపు గంట, కెమెరా, చేతి గడియారం సైతం కంప్యూటర్లే. అవి పాస్‌వర్డు, వేలిముద్ర అడిగి మనిషిని పరీక్షిస్తాయి. మరి వాటిని పరీక్షించే వీలు మనిషికి ఉందా?

2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాము లక్షలాది కెమెరాలలో, రౌటర్లలో చొరబడింది. కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డులు మారకపోవడమే దానికి దారి అయింది. అలా లొంగిన పరికరాలు అక్టోబరు 21న ఒక్కుమ్మడిగా దాడి చేయగా, అమెరికాలో ఎన్నో ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. తప్పు యజమానులదే అనడం న్యాయం కాదు. కొన్ని పరికరాల్లో ఆ పాస్‌వర్డును మార్చే వీలే లేదు. ఊహించడానికి సులువైన అలాంటి పాస్‌వర్డులతో పరికరాలు అమ్మరాదని బ్రిటన్‌లో 2024 నుంచి చట్టం అమలవుతోంది.

కొత్త గుమాస్తాకు తొలిరోజే ఇనప్పెట్టె తాళం ఎవరూ ఇవ్వరు. పనితీరు చూసి కొద్దికొద్దిగా బాధ్యత అప్పగిస్తారు. పరికరానికీ అదే నియమం వర్తించాలి. ఇచ్చిన నమ్మకాన్ని వెనక్కు తీసుకొనే హక్కు ఎల్లప్పుడూ మనిషి చేతిలోనే ఉండాలి.