తెలుగు సంఘముల కంప్యూటర్లకు కాపలా



మా తెలుగు గ్రంథాలయములో పిల్లల చదువుకై నాలుగు కంప్యూటర్లు ఉన్నవి. పాత సభ్యత్వ పుస్తకములకు, స్థలము దస్తావేజులకు నకళ్లు తీసి వానిలోనే దాచినాము. గత వేసవిలో పిల్లలు పాఠము తెరచినచో జూదపు ప్రకటనలు రాసాగినవి. విచారింపగా, ఇంటర్నెట్టువారు అమర్చిపోయిన రౌటరునకు కార్ఖానాలో పెట్టిన పాస్‌వర్డే నేటివరకు ఉన్నదని తేలినది. ఎవడో దానితో ప్రవేశించి, వెబ్‌సైట్ల పేర్లు అడిగిన తప్పుడు చిరునామాలు చెప్పునట్లు మార్చినాడు. తాళము వేసి చెవి గుమ్మములోనే ఉంచినట్లయినది. తప్పు వారిది కొంత, అడుగని మాది కొంత.

ఇది మా ఒక్కరి గొడవ కాదు. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఇట్టి మార్చని పాస్‌వర్డులతోనే లక్షలకొలది కెమెరాలను, రౌటర్లను లోబరచుకొన్నది.

కార్యవర్గములో ఖరీదైన పెట్టె కొందమని కొందరు, ఇంటర్నెట్టే తీసివేయుదమని కొందరు అన్నారు. ఇంతలో ఒక సభ్యుని మనుమడు మూలబడిన కంప్యూటరునకు రెండు నెట్‌వర్కు కార్డులు బిగించి, ఉచితముగా దొరకు ఓపెన్‌బీఎస్‌డీ అను యూనిక్సు జాతి వ్యవస్థను ఎక్కించినాడు. ఒక కార్డు వీధివైపు, రెండవది ఇంటివైపు. 2001 నుండి అందులో భాగముగా వచ్చుచున్న పీఎఫ్ అను ఫైర్‌వాల్ నియమములను నాకు చదివి చూపినాడు. టపా చూచి తల నెరసిన గుమాస్తాను గనుక వెంటనే బోధపడినది. మొదటి నియమము: ఎవరినీ రానీయరాదు. పిదప: లోపలివారు బయటికి పోవచ్చును. పోవు ప్రతి ఉత్తరముపై ఆఫీసు విలాసమే వేసి, వ్రాసినదెవరో రిజిస్టరులో ఎక్కించుకొని, జవాబు రాగానే వారికే అందించును. మనమడుగని ఉత్తరము గుమ్మము దాటదు. ప్రత్యేకముగా చెప్పనిచో, వర్తించు నియమములలో చివరిదే చెల్లును; కావున వరుస తప్పరాదు. అమలు జరుపుటకు ముందే తప్పులు పరీక్షించు ఆజ్ఞయు కలదు.

ఖర్చు స్వల్పమే, అయినను నా భయము వేరు. లోపలివారే మోసపు జాబు తెరచినచో కాపలావాడేమి చేయును? ఆరు నెలలకొకసారి వచ్చు కొత్త కూర్పు ఎక్కింపకున్న తాళము తుప్పు పట్టును. అన్నింటికి మించి, ఆ అబ్బాయి రేపు ఉద్యోగమునకై బెంగుళూరు పోయినచో దిక్కెవరు? అందుచే ప్రతి నియమమునకు తెలుగులో అర్థము వ్రాసిన పుస్తకముండవలెనని, మరి ఇద్దరు పిల్లలు నేర్వవలెనని పట్టుబట్టితిని. పుస్తకము నేనే వ్రాసినాను. పాస్‌వర్డు కవరులో పెట్టి లక్క వేసి కార్యదర్శివద్ద ఉంచితిమి.

1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైన పిదప కూడ మా తాతలు చందాలెత్తి తెలుగు పుస్తకములను నిలుపుకొన్నారు. వానిని చెదలనుండి కాపాడిన మనము, కంప్యూటరులోని వానిని పరులకు వదలుట తగునా? పొరుగు రాష్ట్రములలోని తెలుగు సంఘములవారు తమ రౌటరు పాస్‌వర్డునైనను నేడే మార్పించి, దాని సంగతి తెలిసినవారు ఒక్కరే కాకుండ చూచుకొందురని ఆశించుచున్నాను.

బరంపురం (ఒడిశా)
— ఒక విశ్రాంత గుమాస్తా