కుక్కపిల్లా, ఆర్కిడ్ కుండీ

"గృహప్రవేశానికి మా ఆడపడుచు ఆర్కిడ్ కుండీ యిచ్చింది. ఊదారంగు పూలు, సీతాకోకచిలుకలు బారులు తీరినట్టున్నాయి. మా కుక్కపిల్ల నిన్న ఓ పువ్వు కాస్తా నమిలేసింది. ఇలాంటి విదేశీ మొక్కలన్నీ విషమేనని మా అత్తగారు కుండీని అవతల పారెయ్యమంటున్నారు. ఏం చేయమంటారు?" అని కాకినాడ నుంచి ఒక సోదరి వ్రాశారు.

పారెయ్యకండి. ఆ పువ్వు వల్ల కుక్కకు వచ్చే ప్రమాదం కన్నా, కుండీ ఏమైందని ఆడపడుచు అడిగితే మీకు వచ్చే ప్రమాదమే పెద్దది!

మీరు వర్ణించినదాన్నిబట్టి అది ఫెలనాప్సిస్ అయివుంటుంది. నర్సరీల్లో ఎక్కువగా అమ్మేది అదే. న్యూయార్కులో 1866లో స్థాపించిన జంతుహింసా నివారణ సంఘం, కుక్కలకు విషం కాని మొక్కల జాబితాలో దీన్ని చేర్చింది. ఎక్కువగా తింటే ఓసారి కక్కుకోవచ్చు, విరేచనం కావచ్చు. అంతే. ఆర్కిడ్లు మనకు అంత పరాయివీ కావు. తూర్పు కనుమల అడవుల్లో చెట్ల కొమ్మల్ని పట్టుకుని ఎన్నో రకాలు పెరుగుతున్నాయి. అసలు వెనిల్లా వచ్చేది కూడా ఒక ఆర్కిడ్ తీగ కాయ నుంచే.

అయితే మొక్క మంచిదైనంత మాత్రాన కుండీ అంతా మంచిదని కాదు. అందులో వుండేవి చెట్టు బెరడు ముక్కలు, బొగ్గు, కొబ్బరిపీచు. పూలకాడను నిలబెట్టే తీగ, క్లిప్పులు సరేసరి. కుక్కపిల్ల వీటిని మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. అంచేత కుండీ దాని మూతికి అందని ఎత్తులో వుంచండి.

మీ అత్తగారి భయం అర్థం లేనిది కాదు గాని, ఆవిడ చూడవలసింది పెరటి వైపు. మనలో చాలామంది పూలమొక్కలకు ఆముదం పిండి వేస్తాం. గింజల్లోని రిసిన్ అనే విషం నూనెతో పోదు, పిండిలోనే మిగిలిపోతుంది. బాగా వేడిచేసి విరిచిన పిండి అయితే తప్ప, దాన్ని నమ్మడానికి లేదు. పైగా ఆ పిండి కుక్కలకు మహా ఇష్టం, తవ్వుకుని మరీ తింటాయి. వెంటనే ఏమీ కనిపించదు. కొన్ని గంటలకో, మర్నాటికో వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. చాలా కుక్కలు ఇలా పోయాయి. బస్తా తాళం వేసిన గదిలో వుండాలి. కుక్క తిరిగే చోట మొక్కలకు అది వేయనే కూడదు.

ఇహ గేటు పక్కన పూజకని పెంచే గన్నేరు! ఆకు, పువ్వు, కాడ, అన్నీ గుండె మీద పనిచేసే విషమే. ఎండిన ఆకులో కూడా అది పోదు. పచ్చగన్నేరూ అంతే. హాల్లో మనీప్లాంటు, తెల్లమచ్చల డిఫెన్‌బాకియా అంత దారుణమైనవి కావు. పచ్చి చేమాకు నోట్లో దురద పుట్టించేది సూదుల్లాంటి స్ఫటికాల వల్ల గదా, వీటిలోనూ అవే వున్నాయి. కొరికితే మూతి వాచి, చొంగ కారుతుంది.

కుక్క ఏదైనా తిన్నదని అనుమానం వస్తే ఉప్పునీళ్ళు పట్టి కక్కించడం కొందరి అలవాటు. అది చేయకండి సుమా! ఒంట్లో ఉప్పు ఎక్కువై అదే ప్రాణం మీదికి తెస్తుంది. తిన్న ఆకో, పిండి సంచో చేత పట్టుకుని వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఎప్పుడు తిన్నదీ, సుమారు ఎంత తిన్నదీ ఆయనకు చెప్పండి.